మందు పెట్టిన చెయ్యి

ముందే చెబుతున్నాను, జ్ఞానప్రసూన గారిని అడిగే ఇది రాస్తున్నాను. "రాసుకో అమ్మాయ్, మావాళ్ళవన్నీ ఇంగ్లీషు చదువులు, తెలుగులో రాస్తే మా ఇంట్లో చదవగలిగేదాన్ని నేనొక్కదాన్నేగా" అందావిడ. నవ్వుతూ అనలేదు. పేర్లు మార్చమంది, మార్చాను. వీధి పేరు మాత్రం చెప్పను. చెప్పినా లాభం లేదు, మెల్‌బోర్న్ శివార్లలో మేముండే ఈ పాయింట్ కుక్‌లో ఇళ్ళన్నీ ఒకే అచ్చులో పోసినట్టుంటాయి, మా ఇంటికి నేనే రెండుసార్లు దారి తప్పాను.

నా పేరు శ్యామసుందరి. మాది తెనాలి. ఇక్కడి ప్రైమరీ స్కూల్లో టీచరుకు సాయంగా ఉండే ఉద్యోగం నాది. షూ లేసులు కట్టడం, ముక్కులు తుడవడం, అక్షరాలు రాని పిల్లల పక్కన కూర్చుని చదివించడం. మా ఆయన నన్ను "అసిస్టెంట్ కలెక్టరు గారూ" అని ఏడిపిస్తుంటాడు. నాకు నోరు పెద్దది, కోపం అంతకంటే పెద్దది. ఈ వ్యవహారంలో ఆ రెండూ ఎందుకూ పనికిరాలేదు.

జ్ఞానప్రసూన గారిది మా వీధి చివరి ఇల్లు. సొంతూరు నరసరావుపేట. భర్త నాగభూషణం గారు పోయాక కొడుకు ఆదర్శ్ దగ్గరికి వచ్చేసింది. ఆదర్శ్‌ది సిటీలో కంప్యూటర్ ఉద్యోగం, పోను రాను ఫ్రీవే మీదే సగం ప్రాణం పోతుంది. కోడలు అపూర్వ ఫార్మసిస్టు. హైదరాబాదులో పుట్టి పెరిగిన పిల్ల, నెమ్మదస్తురాలు, మాట తూచి మాట్లాడుతుంది. మనవరాలు అనన్య మా స్కూల్లోనే గ్రేడ్ టూ, నేనుండే క్లాసే.

పిన్నిగారు (నేనావిడను అలాగే పిలుస్తాను) చీర కింద స్పోర్ట్స్ షూ, చీర మీద కొడుకు పాత జాకెట్టు వేసుకుని, గొడుగు పట్టుకుని వాకింగుకు వచ్చేది. గొడుగు వాన కోసం కాదు. సెప్టెంబరు వచ్చిందంటే ఇక్కడ మాగ్‌పై పిట్టలు గూళ్ళు పెట్టుకుని దారిన పోయేవాళ్ళ నెత్తి మీద పొడుస్తాయి. "పిట్టలక్కూడా ఇంత పొగరేందే ఈ దేశంలో" అని గొడుగు ఊపుతూ నడిచేది. వీధిలో ఏ పిల్లాడు దగ్గినా చెంబుడు కషాయంతో ప్రత్యక్షమయ్యేది. శొంఠి, మిరియాలు, ధనియాలు, ఇంకా ఏవేవో. మా వీధి తెలుగు పిల్లలు ఆవిడను చూస్తే దగ్గు మింగేసేవాళ్ళు.

ఆవిడకో అలవాటుంది. ఎవరికి ఏది పెట్టినా ముందు తాను ఓ చెంచాడు నోట్లో వేసుకుని, మింగి, అప్పుడు మన చేతికిస్తుంది. కషాయమైనా అంతే, పులిహోరైనా అంతే. "ఏంటి పిన్నిగారూ, మేమేమన్నా మహారాజులమా, ముందు మీరు రుచి చూసి మాకు పెట్టడానికి" అని నేను వెక్కిరించేదాన్ని. "ఉప్పు చూస్తన్నానే" అనేది. ఉప్పు వెయ్యని పాయసం కూడా అలాగే చూసేది. నాకు అప్పుడు తట్టలేదు.

ఇంకో సంగతి కూడా చెప్పాలి. ఆదర్శ్ ఎక్కడ భోజనానికి కూర్చున్నా మొదటి ముద్ద కలిపి అపూర్వ నోటికి పెడతాడు. పదిమందిలోనైనా సరే. కుర్రాళ్ళు ఈలలు వేస్తే, "మా నాన్న దగ్గర నేర్చుకున్నా రా. మా అమ్మ నోట్లో ముద్ద పెట్టకుండా ఆయన జీవితంలో ఒక్క పూట తినలేదు. మా పేటలో ఆ జంటను చూపించి పెళ్ళిళ్ళు చేసేవాళ్ళు" అని గర్వంగా చెప్పుకునేవాడు. ఆడవాళ్ళమంతా మా మా మొగుళ్ళ వైపు చురచురా చూసేవాళ్ళం. పిన్నిగారు మాత్రం ఆ మాట రాగానే లేచి వంటింట్లోకి పోయేది. సిగ్గనుకున్నాం. సిగ్గే, కానీ మేమనుకున్న సిగ్గు కాదు.

నిరుడు చలికాలం ముందు నుంచి ఆదర్శ్ మారిపోయాడు. అంతకు ముందు శనివారం ఆర్వో (ఇక్కడివాళ్ళు మధ్యాహ్నాన్ని అలాగే అంటారు) అయితే ఎవరింట్లోనో బార్బీ, పెరట్లో మాంసం కాల్చుకు తినడం, బీరు సీసాలు, పెద్ద నవ్వు. అలాంటివాడు ఎవరింటికీ పోవడం మానేశాడు. ఆఫీసు నుంచి నేరుగా ఇంటికి వస్తాడు, గిన్నెలు కడుగుతాడు, పెళ్ళాం ఎటు పోతే అటు చూస్తాడు. ఎవరన్నా రమ్మంటే "అపూర్వని అడిగి చెప్తా" అంటాడు. తెలుగు తల్లి ఎవరైనా సరే, దీనికి ఒకే ఒక్క అర్థం చెప్పుకుంటుంది.

చెరువు చుట్టూ నడుస్తున్నప్పుడు పిన్నిగారు నా చెయ్యి పట్టుకుని ఆపింది.

"శ్యామా, నీకో మాట చెప్తా, ఎవరితో అనబాక. మావాడికి అది మందు పెట్టిందే."

నాకు నవ్వొచ్చింది. "ఊరుకోండి పిన్నిగారూ. మెల్‌బోర్న్‌లో మందేంటి, మాకేంటి?"

"నువ్వట్టాగే అంటావు. నా కళ్ళతో చూశా. పొద్దున్నే గ్లాసు నీళ్ళలో ఏందో బిళ్ళ వేసి కలుపుద్ది. వాడి చేతికిచ్చి, వాడు గటగటా తాగేదాకా కదలకుండా నిలబడి చూస్తది. తాగాక గ్లాసు తిప్పి చూస్తది. నేను వస్తే ఇద్దరూ గప్‌చిప్. వాడేమో దాని కొంగు పట్టుకుని తిరుగుతన్నాడు. మందుల షాపులో పనిచేసేదానికి ఇదొక లెక్కా?"

"విటమిన్ బిళ్ళ అయ్యుంటుంది. నోరు మూసుకుని నడవండి" అన్నాను. నోరు మూసుకోలేదావిడ. నరసరావుపేటలో ఉన్న చెల్లెలికి వీడియో కాల్‌లో రోజూ ఇదే పారాయణం. సోఫాలో పక్కనే అనన్య బొమ్మలకు జడలు వేస్తూ ఉండేది. ఆ పిల్ల తెలుగు మాట్లాడదు కానీ చెవిన పడ్డ ముక్క ఒక్కటి పోనివ్వదు. పెద్దవాళ్ళం ఈ సంగతి ఎప్పుడూ మరిచిపోతాం.

మన మాట సంగతి చూడండి. మందు. ఒక్కటే మాట. మందు వేసుకున్నాడంటే జ్వరమో తలనొప్పో. మందు కొట్టాడంటే బ్రాందీ. మందు జల్లారంటే చేలో పురుగులకు. మా గుంటూరు జిల్లా పల్లెల్లో "మందు తాగాడు" అంటే ఎవరూ నవ్వరు, బండి కట్టించి ఆస్పత్రికి పరిగెడతారు. దీపావళికి అదే మందు పేలుతుంది. ఇక "మందు పెట్టారు" అంటే మాత్రం మనిషిని మనిషి కట్టేసుకునే మందు. వేరు నూరి, పసరు తీసి, తిండిలోనో పాలలోనో తెలియకుండా కలిపి పెట్టేది. ఎప్పుడు ఏ మందో పక్కనున్న క్రియాపదం చెబుతుంది మనకు. ఏడేళ్ళ పిల్లకు ఎవరు చెప్పాలి?

ఆ వారం మా క్లాసులో పాఠం ఏమిటంటే, మందులు జాగ్రత్తగా వాడడం. టీచరు మిసెస్ డోనెల్లి పిల్లలను చాప మీద కూర్చోబెట్టి, ఎవరైనా మనకు తెలియకుండా మనం తాగే నీళ్ళలో మందు కలపడం తప్పు అని చెబుతోంది. నేను వెనక పెన్సిళ్ళు చెక్కుతున్నాను. అనన్య చెయ్యెత్తింది.

"మై మమ్ డజ్ దట్. షి పుట్స్ ఇట్ ఇన్ డాడ్స్ వాటర్. హి డజంట్ నో. నానమ్మ సెడ్ ఇట్స్ సో హీ విల్ ఒబే."

నా చేతిలో పెన్సిలు విరిగింది. మిసెస్ డోనెల్లి మొహంలో నవ్వు చెదరలేదు కానీ కళ్ళు మారాయి. "థాంక్యూ అనన్య, మనం తర్వాత మాట్లాడుకుందాం" అంది. ఆ "తర్వాత" అంటే ఏమిటో ఈ దేశపు స్కూల్లో పనిచేసేవాళ్ళకు తెలుసు, ఇలాంటి మాట పిల్ల నోట వింటే పైవాళ్ళకు చెప్పి తీరాలి. రీసెస్‌లో నేను ఆవిడ వెంటపడ్డాను. అది మా భాషలో ఒక నానుడి, అత్తలు కోడళ్ళ మీద అనే మాట, అంతే అని చెప్పాను. ఆవిడ పాపం మంచిది. "ష్యామా, నువ్వు చెప్పింది నిజమే అయ్యుండొచ్చు. కానీ తల్లి ఫార్మసిస్టు. విని ఊరుకునే వీలు నాకు లేదు" అంది. నాకు కోపమొచ్చింది, కానీ ఎవరి మీద రావాలో తెలియలేదు.

మర్నాడే అందరినీ స్కూలుకు పిలిచారు. వైస్ ప్రిన్సిపాలు గదిలో గుండ్రటి బల్ల, ఆయన పక్కన మిసెస్ డోనెల్లి. అపూర్వ పని మధ్యలోంచి వచ్చింది, తెల్లకోటుకు పేరున్న బ్యాడ్జి ఇంకా అలాగే ఉంది. మొహంలో నెత్తుటి చుక్క లేదు. మందుల షాపులో పనిచేసే మనిషి మీద మొగుడికి తెలియకుండా మందులు కలుపుతోందన్న మాట బయటికి పొక్కితే లైసెన్సు ఉంటుందో ఊడుతుందో ఆ పిల్లకు తెలుసు. ఆదర్శ్ ఆఫీసు నుంచి వచ్చి తల వంచుకుని కూర్చున్నాడు. పిన్నిగారు మాత్రం పట్టుచీర కట్టుకుని వచ్చింది. మనవరాలికి ప్రైజు ఇస్తారనుకుందో ఏమో.

నేను ఆ కుటుంబానికి తెలిసినదాన్ని కాబట్టి నేను అనువాదం చెయ్యకూడదట. ఫోనులో ఎవరో దుబాసీని పెట్టారు. స్పీకరులోంచి ఓ కుర్రాడి గొంతు. నన్ను మూల కుర్చీలో కూర్చోబెట్టారు.

"అమ్మగారూ, మీ కోడలు మీ అబ్బాయికి ఏం చేసిందని మీరు చెప్పారు?"

పిన్నిగారికి అప్పటికి అర్థమైంది ప్రైజు కాదని. కోడలి వైపు చూసింది, కొడుకు వైపు చూసింది. అబద్ధమాడితే పోయేది. ఆవిడకు ఆ రోజు అబద్ధం రాలేదు. "మందు పెట్టిందన్నా" అంది, గొంతు లోపల.

"షి సేస్ ది డాటర్-ఇన్-లా గేవ్ హిమ్ మెడిసిన్" అన్నాడు దుబాసీ.

"ఆయనకు తెలియకుండానా?" అని అడిగించారు.

"మందు పెట్టడమంటే తెలియకుండానేగా బాబూ. తెలిసి ఎవడన్నా పెట్టించుకుంటాడా?"

అదీ ఇంగ్లీషులోకి వెళ్ళింది, పొల్లుపోకుండా. ఇక నేనాగలేకపోయాను. నియమం లేదు గియమం లేదు, లేచి నిలబడ్డాను. సార్, ఇది మెడిసిన్ కాదు, ఇది కథల్లో మంత్రగత్తెలు కాచే కషాయం లాంటిది, లవ్ పోషన్, తాగితే మొగుడు పెళ్ళాం చెప్పినట్టు వింటాడని మా వాళ్ళ నమ్మకం, కొడుకు భార్యను బాగా చూసుకుంటే మా ఊళ్ళో ప్రతి అత్తా ఇదే మాట అంటుంది అని గుక్క తిప్పుకోకుండా చెప్పాను. చెబుతుంటే నా చెవులు నాకే కాలాయి. ఇంట్లో నవ్వుకుని వదిలేసే మాటను పరాయివాళ్ళ బల్ల మీద విప్పి చూపిస్తే ఎంత రోతగా ఉంటుందో అప్పుడు తెలిసింది. భార్యను ప్రేమిస్తే వాడికి మందు పెట్టారనడం మా ఆచారమా అన్నట్టు ఆ ఇద్దరూ నన్ను చూశారు. ఏం చెప్పను? అవుననే చెప్పాను.

వైస్ ప్రిన్సిపాలు ఊపిరి వదిలాడు. "అయితే గ్లాసులో ఏమీ లేదన్నమాట" అన్నాడు.

దుబాసీ ఆ మాటను తెలుగులో చెప్పాడు. పిన్నిగారు "బిళ్ళ ఉంది, నేను చూశా" అంది. అందరి కళ్ళూ అపూర్వ మీద పడ్డాయి. ఆ పిల్ల పెదవి కొరుక్కుని, "అది చెప్పాల్సింది నేను కాదు" అంది. ఎంత గుండె దిటవో చూడండి. నోరు విప్పితే తన ఉద్యోగం బతుకుతుంది, అయినా విప్పలేదు.

ఆదర్శ్ తల ఎత్తాడు. ముందు ఇంగ్లీషులో చెప్పాడు, తర్వాత తల్లివైపు తిరిగి తెలుగులో చెప్పాడు.

"అమ్మా, అది తాగుడు మానడానికి మందు. డాక్టర్ రాసిచ్చాడు. అది వేసుకున్న రోజు చుక్క ముట్టుకుంటే మనిషి నిలబడలేడు. నేను బిళ్ళ పారేసి వేసుకున్నానని బొంకుతానేమో అని, నీళ్ళలో కలిపి నేను తాగేదాకా నిలబడి చూడమని నేనే అపూర్వని అడిగా. బార్బీల్లో బీరు కాదమ్మా నా సమస్య. గరాజ్‌లో తాగేవాణ్ణి. ఒకరోజు అనన్యని స్విమ్మింగ్ నుంచి తీసుకురావాలి, కార్లో కూర్చున్నా, కీ తిప్పలేకపోయా. పిల్ల అక్కడ ఒక్కత్తే తడిబట్టలతో నిలబడింది. ఆ రోజు నేనే వెళ్ళా డాక్టర్ దగ్గరికి."

"నాకెందుకు చెప్పలేదు నాన్నా?" అంది పిన్నిగారు.

"నాన్న తాగుడు చూసి చూసి ఉన్నావు. నేను కూడా అంటే తట్టుకోలేవని. అమ్మకు చెప్పొద్దని అపూర్వ చేత ఒట్టు వేయించుకున్నా."

స్పీకరులో దుబాసీ కుర్రాడు ఇది అనువదించడం మానేశాడు. వైస్ ప్రిన్సిపాలు లేచి ఆదర్శ్ చెయ్యి పట్టుకుని ఊపాడు, అపూర్వకు క్షమాపణ చెప్పాడు, ఈ సంగతి ఇక్కడితో సరి అన్నాడు. అందరికంటే పరాయివాడే మర్యాదగా ఉన్నాడు. పిన్నిగారు చేతులు జోడించి అందరికీ "సారీ, సారీ" అంటూ తిరిగింది. ఆవిడకు వచ్చిన ఇంగ్లీషు అదొక్కటే. కోడలి దగ్గరికొచ్చేసరికి ఆ మాట కూడా రాలేదు. అపూర్వ కిటికీలోంచి కార్ పార్క్ చూస్తూ ఉంది.

ఆ తర్వాత ఆ ఇంట్లో గొడవ జరిగిందనుకుంటున్నారా? జరిగుంటే బాగుండేది. అపూర్వ ఒక్క మాట అనలేదు. పెళ్ళయిన నాటి నుంచి "అత్తయ్యా" అని నోరారా పిలిచే పిల్ల, ఆ సాయంత్రం నుంచి "అత్తయ్యగారూ" అనడం మొదలుపెట్టింది. "కాఫీ పెట్టాను అత్తయ్యగారూ." "మీ బీపీ మాత్ర వేసుకున్నారా అత్తయ్యగారూ." చూడ్డానికి మర్యాదే. ఆ "గారు" తగిలించిన ప్రతిసారీ పిన్నిగారు ఇంకాస్త కుంచించుకుపోయేది. అనన్యను స్కూలు నుంచి తీసుకొచ్చే పని కూడా పోయింది. పిల్లను స్కూలయ్యాక అక్కడే ఆఫ్టర్ కేర్‌లో ఉంచుతున్నారు. మూడుగంటల వేళకు ఆవిడ అలవాటుగా షూ వేసుకుని, మళ్ళీ విప్పేసి కూర్చునేదట.

వీడియో కాల్స్ మానేసింది. కషాయం కాయడం మానేసింది. వాకింగులో మాట్లాడేది కాదు. ఒకసారి మాత్రం "ఈ నోటికి కుట్లు వేసుకోవాలే శ్యామా" అంది. "వేసుకుందురుగాని, ముందు కోడలితో ఆ నోటితోనే ఒక మాట అనండి" అని కసిరాను. "అంటానే. కానీ నేను అనాల్సింది ఒక్క మాట కాదు, అదే భయం" అంది. నాకు అర్థం కాలేదు, అడగబోతే నడక వేగం పెంచింది.

ఒక ఆదివారం మధ్యాహ్నం గోంగూర పచ్చడి పట్టుకుని వాళ్ళింటికి వెళ్ళాను. ఆదర్శ్, అనన్య ఏదో కొనుక్కురావడానికి బయటికి వెళ్ళారు. అపూర్వకు జలుబు, గొంతు బొంగురుపోయింది, శాలువా కప్పుకుని వంటింటి బల్ల దగ్గర కూర్చుంది. పొయ్యి మీద కషాయం మరుగుతోంది. చాన్నాళ్ళకు ఆ వాసన. పిన్నిగారు వడకట్టి గ్లాసులో పోసింది. అలవాటు చొప్పున చెంచాడు తీసుకుని నోట్లో పోసుకుంది, మింగింది, అప్పుడు గ్లాసు కోడలి ముందు పెట్టింది.

అపూర్వ ముట్టుకోలేదు. "ఎందుకు అత్తయ్యగారూ, ఎప్పుడూ ముందు మీరు తాగి ఇస్తారు? మీరు ఏదో కలిపారని నేను అనుకోను. నేను అలాంటిదాన్ని కాదు" అంది. మాట మెత్తగానే ఉంది. ఆ చివరి ముక్కలో ఇన్ని వారాల బాధా ఉంది.

పిన్నిగారు చెంచా సింకులో పెట్టింది. నేను లేవబోయాను. "కూర్చో శ్యామా, నువ్వూ విను. ఒక్కదానికే చెప్పే ధైర్యం లేదు నాకు" అంది. నిలబడే చెప్పింది, కొంగు వేలికి చుట్టుకుంటూ.

"మీ మామయ్య తాగేవాడని తెలుసుగా. ఆదర్శ్ అప్పుడు చంటోడు. రొంపిచెర్ల వైపు ఒకాయన తాగుడు మానిపించే మందు ఇస్తాడంటే పోయి ఆకు పసరు తెచ్చా. మజ్జిగలో కలిపి పెట్టా. చెప్పకుండా. మనిషి నేల మీద పడి గిలగిలా కొట్టుకున్నాడు. వాంతులు. ఆస్పత్రిలో పడేస్తే చేతికి రాడన్నారు. డాక్టరు నన్నడిగాడు, ఏం తిన్నాడమ్మా అని. నాకు తెలీదన్నా. పక్కన మొగుడు పోతంటే, నాకు తెలీదన్నా."

గ్లాసులో ఆవిరి తగ్గిపోయింది.

"ఎట్టాగో బతికి ఇంటికొచ్చాడు. ఎవరు చెప్పారో, తనకే తెలిసిందో, తెలిసింది. ఒక్క మాట అనలా. కంచం ముందు పెడితే మొదటి ముద్ద కలిపి నా నోటికి పెట్టాడు. నేను మింగేదాకా చూశాడు. అప్పుడు తిన్నాడు. ఆ పూటా, ఆ మర్నాడూ, పోయేదాకా అంతే. జనం ఎంత ప్రేమో అన్నారు. పిల్లాడూ అదే అనుకున్నాడు. నేను అనుకోనిచ్చా."

"తాగుడు మానేశారా?" అన్నాను నేను, ఏదో ఒకటి అనాలని.

"మానలా. నన్ను నమ్మడం మానేశాడు." కోడలి వైపు తిరిగింది. "నేను చెప్పకుండా పెట్టా అపూర్వా. నువ్వు చెప్పి పెట్టావు. మందు పెట్టిన చెయ్యి నాది, పేరు నీకు కట్టా. ఆ గ్లాసు చూడంగానే నా పాపమే నాకు కనపడింది కాబోలు. నన్ను క్షమించమని కూడా అడగలేను."

"ఆదర్శ్‌కి తెలుసా?" అని అడిగింది అపూర్వ.

"తెలీదు. వాడికి తండ్రంటే ఉన్న గొప్ప అదొక్కటే. చెప్పాలంటే నాకు నోరు పెగలడంలా. నువ్వు చెప్తే చెప్పు. నీ సంగతి నేను ఊరంతా చెప్పాగా, నీకా హక్కుంది."

అప్పుడే గరాజ్ తలుపు చప్పుడైంది. అనన్య పరిగెత్తుకుంటూ వచ్చి నానమ్మ నడుము వాటేసుకుంది. ఆదర్శ్ "అక్కా, టైముకి వచ్చారు, తిని వెళ్ళండి" అంటూ చేతులు కడుక్కున్నాడు. అన్నం, పప్పు, నేను తెచ్చిన గోంగూర. పిన్నిగారు గరిటె పట్టుకుని వడ్డించడానికి నిలబడింది.

ఆదర్శ్ నెయ్యి వేసి మొదటి ముద్ద కలిపాడు. ఎప్పటిలాగే అపూర్వ నోటి దగ్గరికి చాపాడు. "మా నాన్న స్టైల్, మీకు తెలుసుగా అక్కా" అని నావైపు చూసి నవ్వాడు. ఎన్నో నెలలకు వాడి మొహంలో ఆ పాత నవ్వు. నా నోరు ఎంత దురద పెట్టిందో నాకే తెలుసు, ఇంత గోంగూర నోట్లో కుక్కుకున్నాను.

అపూర్వ ఆ ముద్ద తినలేదు వెంటనే. మొగుడి చెయ్యి మీదుగా అత్తగారి వైపు చూసింది. పిన్నిగారు గరిటె అలాగే పట్టుకుని తల దించుకుంది. ఇక మాట వస్తుంది, ఇప్పుడు వస్తుంది అనుకున్నాను. అపూర్వ నోరు తెరిచి ముద్ద అందుకుంది. నమిలింది, నెమ్మదిగా మింగింది.

"మామయ్య స్టైల్ బాగానే ఉంది కానీ, చలికి అన్నం చల్లారిపోతోంది" అంది. లేచి ఇంకో కంచం తీసి, తనే అన్నం పెట్టి, పప్పు వేసి, తన పక్క కుర్చీ ముందు పెట్టింది. "కూర్చోండి అత్తయ్యా. ముందు మీరు తినండి."

పిన్నిగారు కూర్చుంది. అనన్య ఏదో స్కూలు కబురు ఇంగ్లీషులో చెబుతూనే ఉంది, ఆదర్శ్ ఊఁ కొడుతున్నాడు. ఆవిడ కంచంలోంచి కళ్ళెత్తకుండా, చివరి మెతుకు దాకా తింది.